అర్థం తెలిసినవాడు ఓడిపోతాడు

స్క్రాబుల్ అంటే ఇంగ్లీషు అక్షరాల బిళ్లలను గళ్ల బల్లమీద మాటలుగా పేర్చి పాయింట్లు కొట్టే ఆట. ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్లను ఆ బల్ల దగ్గరికి రానివ్వకూడదు. వాళ్లు మాట వెతుకుతారు, దొరికిన మాట సొగసుగా ఉందా లేదా అని చూస్తారు, దాని అర్థం తలుచుకుని మురిసిపోతారు. ఈలోగా ఎదుటివాడు క్యూ బిళ్ల ఒక్కటి పెట్టి 62 పాయింట్లు పట్టుకుపోతాడు.

నమ్మనివాళ్లకు లెక్క ఇదిగో. క్యూ విలువ 10. అక్షరం విలువను మూడింతలు చేసే ట్రిపుల్ లెటర్ గడిలో పడితే 30. దాని కుడివైపు ఒక ఐ, కింద ఒక ఐ ముందే ఉంటే అడ్డంగా 31, నిలువుగా 31. క్యూ-ఐ అంటే చైనావాళ్ల దృష్టిలో ప్రాణశక్తి అట, పలకడం ‘చీ’ అని అట. ఆ సంగతి తెలిసినందుకు అదనంగా ఒక్క పాయింటూ రాదు.

2015లో నైజెల్ రిచర్డ్స్ అనే న్యూజిలాండ్ ఆటగాడు ఫ్రెంచి మాట్లాడటం రాకుండానే ఫ్రెంచి స్క్రాబుల్‌లో ప్రపంచ విజేత అయ్యాడు. 2024లో స్పానిష్‌లోనూ అదే పని చేశాడు. చేసిందల్లా ఆటలో చెల్లే మాటల జాబితా బుర్రకెక్కించుకోవడమే. బట్టీ చదువులని మనల్ని ఇన్నేళ్లు ఈసడించిన విద్యావేత్తలు ఇప్పుడైనా తలవంచుకోవాలి. ఎక్కాల పుస్తకం పక్కన ఒక రెండక్షరాల మాటల పట్టిక కూడా పెట్టేస్తే సరి. అమెరికా జాబితాలో అలాంటివి 107, మిగతా లోకం ఎక్కువగా వాడే కాలిన్స్ జాబితాలో 127. పదహారో ఎక్కం కంటే తేలిక.

ఈ రెండు జాబితాల తేడా పట్టించుకోకపోవడం దగ్గరే చాలామంది బోల్తా పడతారు. జెడ్-ఓ కాలిన్స్‌లో చెల్లుతుంది (జడల బర్రెకూ ఆవుకూ పుట్టిన దూడ), అమెరికా జాబితాలో చెల్లదు. ఫోన్‌లో మాటలు వెతికే పరికరం ఏ జాబితా తిరగేస్తోందో చూసుకోకుండా ఆ దూడను బల్లమీదికి తోలితే, ఎదుటివాడు సవాలు చేస్తాడు, బిళ్లలు వెనక్కి తీసుకోవాలి, వంతు పోతుంది.

ఇక క్యూ వెంటనే యు రాని మాటల సంగతి. వంద బిళ్లల్లో క్యూ ఒక్కటే. ఆట ముగిసేసరికి అది మీ చేతిలో మిగిలితే మీకు 10 తరుగు, ముందుగా బిళ్లలు అయిపోయినవాడికి 10 పెరుగు. అందుకని ఫకీర్, నికాబ్, బుర్కా, తలాక్ నేర్చి పెట్టుకోవాలి. హైదరాబాదులో ఇవి వీధిలో వినపడే మాటలే, కె రాయాల్సిన చోట క్యూ రాయాలని గుర్తుంటే చాలు. చేతిలో అచ్చు ఒక్కటీ లేకపోతే వెల్ష్ భాషను ఆశ్రయించాలి. సి-డబ్ల్యు-ఎమ్ అంటే లోయ. అక్కడ డబ్ల్యు కూడా అచ్చే.

అసలు విద్య అక్షరాలను ఎ, బి, సి వరసలో పేర్చుకోవడం. రెటినా మాటకు ఒక ఎస్ చేర్చి వరస పెడితే ఏ-ఈ-ఐ-ఎన్-ఆర్-ఎస్-టి. ఈ ఒక్క తాళంచెవికి అవే ఏడక్షరాలతో అయ్యే నాస్టియర్, రిటెయిన్స్, స్టెయినర్, రెట్సినా అన్నీ తెరుచుకుంటాయి. కంప్యూటరు చేసేదీ ఇదే. ఏడు బిళ్లలూ ఒకేసారి దించితే అదనంగా 50. అందుకే ఎస్‌ను (ఉన్నవి నాలుగే) నాలుగు పాయింట్ల కోసం బహువచనానికి తగలేసేవాణ్ని చూస్తే జాలేస్తుంది.

ఐదక్షరాల మాటను ఆరు వంతుల్లో కనిపెట్టే వర్డిల్ ఆట వాళ్ల మూఢభక్తి వేరు. అచ్చులు నాలుగున్నాయని రోజూ అడియూతో మొదలుపెడతారు. అచ్చులు తేలినా మాట తేలదు, జల్లెడ పట్టేవి హల్లులు. చివరి నాలుగూ ఐ-జి-హెచ్-టి అని తేలాక లైట్, మైట్, నైట్, ఫైట్, రైట్, సైట్, టైట్, ఎయిట్ అంటూ ఒక్కొక్కటే కొట్టుకుంటూ ఆరు వంతులూ మంటగలుపుతారు. అక్కడ జవాబు కాదని తెలిసే ‘ఫిల్మ్స్’ అని కొడితే ఎఫ్, ఎల్, ఎమ్, ఎస్ నాలుగింటి సంగతీ ఒకే వంతులో తేలుతుంది. తేలిన అక్షరాలను తప్పకుండా వాడాలనే హార్డ్ మోడ్ పెట్టుకున్న వీరులకు ఆ దారి మూసుకుపోతుంది. ఇంకొకటి: కొట్టిన మాటలో ‘ఈ’ (E) అక్షరం రెండుసార్లుండి, ఒకటి ఆకుపచ్చగా (ఉందని), ఒకటి బూడిదరంగులో (లేదని) వస్తే ‘ఈ’ అసలు లేదని కాదు, ఒక్కటే ఉందని. దాన్ని తీసుకెళ్లి మాటలు వెతికే పరికరంలో ‘ఉండకూడని అక్షరాలు’ గడిలో వేసి, అది ఒక్క మాటా చూపించడం లేదని తిట్టుకుంటారు.

మన వాటా ఏమిటని అడగొచ్చు. దోశ చెల్లుతుంది, 5 పాయింట్లు. సాంబార్ కూడా చెల్లుతుంది, 10. కాకపోతే అడవిలో తిరిగే కణుజు అనే లెక్కన అది ఎప్పటినుంచో జాబితాలో ఉంది, పప్పూ చింతపండూ చూసి ఇచ్చిన గౌరవం కాదు. బ్యాండికూట్ అయితే అచ్చంగా మన పందికొక్కే, తొమ్మిది అక్షరాలు. చేతిలో ఉండేవి ఏడే కాబట్టి మిగతా రెండూ సరైన దూరంలో బల్లమీద ముందే ఉండాలి. తెలుగు మాత్రం చెల్లదు. పెద్దక్షరంతో మొదలయ్యే పేర్లకు ప్రవేశం లేదు. ఒకవేళ రానిచ్చినా బిళ్లల విలువ కూడితే 7. పందికొక్కుకు 14.