చిరంజీవి సగటు విద్యార్థికి

చిరంజీవి సగటు విద్యార్థికి నీ టీచరు ఆశీర్వదించి రాయునది. ఉభయకుశలోపరి.

నువ్వు క్షేమంగానే ఉండి ఉంటావు. ఒక్క రోజూ బడి గడప తొక్కనివాడికి జలుబైనా ఎక్కణ్ణుంచి అంటుకుంటుంది? ఇన్నేళ్లుగా ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో పాఠాలు చెబుతున్నాను, నీ మొహం మాత్రం చూడలేదు. అయినా బడంతా నీదే. పాఠ్యపుస్తకం నీ కోసమే రాశారు. శుక్రవారం కల్లా నీకు కూడికలు వచ్చేస్తాయని సిలబస్ వేసినవాళ్లకు గట్టి నమ్మకం. వచ్చాయో లేదో అడుగుదామంటే నువ్వు దొరకవు. అందుకని సోమవారం పొద్దున్నే తీసివేతల్లోకి దిగిపోతాను.

నీ పుట్టుపూర్వోత్తరాలు ఆరా తీశాను. మీ మూలపురుషుడు బెల్జియం వాడు. అడోల్ఫ్ కెట్లే అనే ఖగోళశాస్త్రజ్ఞుడు చుక్కల లెక్కల పద్ధతినే మనుషులకూ పట్టించి, 1835లో ‘సగటు మనిషి’ని లోకం మీదికి వదిలాడు. ఆయన దృష్టిలో సగటే ఆదర్శం, అటూ ఇటూ ఉన్నవాళ్లమంతా పొరపాట్లం. మీ వంశం గుట్టు 1950లో అమెరికా వైమానిక దళం దగ్గర బయటపడింది. విమానంలో పైలట్ కూర్చునే చోటు సరిచేద్దామని 4,063 మందిని కొలిచారు. ఎత్తు, ఛాతీ, చేతుల పొడవు లాంటి 10 కొలతల్లోనూ సగటుకు దగ్గరగా వచ్చినవాళ్లెందరు? సున్నా. దాంతో వాళ్లు సీటును ముందుకూ వెనక్కీ జరిగేలా చేయించుకున్నారు. మేం సీటు జరపం. ఏడాదికోసారి పిల్లల్నే పై తరగతికి జరుపుతాం.

నీ పేరిట నడిచే మూడో తరగతిలో నీకు బదులు ఎవరున్నారో చెబుతాను. చివరి బెంచీలో ఒక పిల్ల. చూచిరాత ముత్యాలే. ఒకరోజు బోర్డు మీద పెచ్చు ఊడిన చోట నా తలకట్టు తెగిపోయింది. ఆ పిల్ల నోటుబుక్కులోనూ సరిగ్గా అక్కడే తెగింది. అప్పుడు వెలిగింది నాకు: అది రాయడం లేదు, బొమ్మ గీస్తోంది. ఆ బొమ్మల కింద ‘వెరీ గుడ్’ అని రాసిన చేతుల్లో నాదీ ఒకటి.

ముందు బెంచీలో ఇంకొకడు. పది లెక్కలిస్తే నేను వెనక్కి తిరిగేలోపు చేసేసేవాడు. బహుమానంగా అలాంటివే ఇంకో పది ఇచ్చేదాన్ని. రెండు నెలల్లో తెలివిమీరాడు. ఎనిమిదో లెక్క దగ్గర ఆగి పెన్సిల్ చెక్కడం మొదలెడతాడు, గంట కొట్టేదాకా చెక్కుతాడు. “వాడికేం, వాడే నేర్చుకుంటాడు” అంటారంతా. ఆ మాటంటే నాకు ఒళ్లు మంట. నిజమే, నేర్చుకుంటున్నాడు, ఏమీ నేర్చుకోకుండా కూర్చోవడం ఎలాగో.

ఇక పాసు గీతకు బెత్తెడు కింద ఉన్నవాళ్లంటే మాకు మహా ప్రేమ. కాస్త చెయ్యందిస్తే గట్టెక్కుతారు, శాతం పెరుగుతుంది. ఏ బిడ్డా వెనకబడకూడదని అమెరికా 2002లో చట్టం తెచ్చి మార్కుల గీత గీస్తే అక్కడా చాలా బడుల్లో ఇదే ప్రేమ పుట్టుకొచ్చింది. గీతకు బాగా పైన ఉన్నవాళ్లూ, బాగా కింద ఉన్నవాళ్లూ గాలికి.

కోప్పడనంటే ఒకటి చెబుతాను. నిన్ను పిలవకుండా రోజూ ఓ గంట బడి నడుపుతున్నాను. నా తెలివేం కాదు, పిల్లల చదువు కోసం పనిచేసే ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ ఎన్నోచోట్ల చేసి చూపిందే. ఆ గంట తరగతుల లెక్క ఉండదు. అక్షరాల దగ్గరున్నవాళ్లు ఒక మూల, పదాలవాళ్లు ఒక మూల, కథ చదివేవాళ్లు కిటికీ దగ్గర. ఐదో తరగతి వాడొకడు చిన్నపిల్లల పక్కన కూర్చోవడానికి రెండు రోజులు మొహం ముడుచుకున్నాడు. మూడో రోజు అందరికంటే ముందొచ్చి కూర్చున్నాడు. పెన్సిల్ వాడికేం ఇవ్వాలో ఇంకా తోచడం లేదు. ఇచ్చిన కథల పుస్తకం రెండు రోజుల్లో మింగేశాడు. చివరి బెంచీ పిల్ల మాత్రం మొన్న బోర్డు దగ్గరికొచ్చి, పెచ్చు ఊడినచోట వేలు పెట్టి, “టీచర్, ఇక్కడ తలకట్టు లేదు” అంది.

ఆ గంటకు టైంటేబుల్‌లో చోటు లేదు. కాగితం మీద అది సిలబస్ వెనకబడిన గంట.

రేపు తనిఖీ. దయచేసి ఒక్క పూట వచ్చి ముందు బెంచీలో కూర్చో. అడిగే ప్రశ్నలన్నీ నీ కోసం తయారైనవే. యూనిఫాం గురించి బెంగ వద్దు, కొలతలు నీవే.

ఇట్లు,
నీ హాజరు కోసం ఎదురుచూసే
టీచరు