కదలని చోక్ గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ, ఇంజనుకు గాలినీ పెట్రోలునూ కలిపి అందించే కార్బురేటర్ ముఖద్వార పాలకులు చోక్ గారి సముఖానికి, కోరంగి మడ అడవుల పక్క కాలువలో పడవ నడుపుకొనే సేవకుడు నమస్కరించి రాసుకొన్న విన్నపం. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం ఆచారమే గాని, అందుకు నా కుడి భుజం ఒప్పుకోవడం లేదు.

భోగి ముందు రోజు తెల్లవారుజామున, పోటు నిండుగా ఉండగానే బయలుదేరాలని తమరి గుండీని ఎంతో మర్యాదగా లాగాను. అదీ అంతే మర్యాదగా బయటికి వచ్చి టక్కుమంది. ఆ శబ్దాన్ని నమ్మి ఇంజను తాడు 30 సార్లు లాగాను. ప్లగ్గు విప్పి చూస్తే వేసవి చెరువులా పొడిగా ఉంది. పెట్రోలు అందడం లేదేమోనని గొట్టం మధ్యనున్న రబ్బరు బుడ్డిని పిండాను, ఫిల్టరు కడిగాను, లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్ల లెక్కన ఆయిలు కలిపిన మా బావమరిదిని అనరాని మాటలన్నాను. పాపం, అతని లెక్క సరిగ్గానే ఉంది. చివరికి ముందు మూత తీసి టార్చి వేస్తే, గుండీకీ తమరికీ మధ్యనున్న కడ్డీ ఉప్పుగాలికి తుప్పుపట్టి ఎప్పుడో విరిగిందనీ, ఇక్కడ నేను ఎంత లాగినా అక్కడ తమరు వాకిలి బార్లా తెరిచి నిద్రపోతున్నారనీ తెలిసింది.

తమరి ఉద్యోగమేమిటో తమరికే గుర్తుచేయవలసి రావడం నా ప్రారబ్ధం. రాత్రంతా మంచులో ఉన్న ఇంజనులో పెట్రోలు సరిగా ఆవిరి కాక, తడిగా గోడలకు అంటుకుంటుంది. వేడెక్కిన తరువాత కిలో పెట్రోలుకు సుమారు 15 కిలోల గాలి కావాలి గాని, నిద్రలేచే వేళ మాత్రం గాలి తగ్గి పెట్రోలు పెరగాలి. తమరు గాలిదారికి అడ్డంగా నిలబడితే లోపలి పీల్పుకు పెట్రోలు ఎక్కువగా వస్తుంది. ఈ కొలువు అరనిమిషం. ఆపైన తమరు పక్కకు తప్పుకోవడమే మహోపకారం, తప్పుకోకపోతే నల్లపొగా, తడిసిన ప్లగ్గూ మిగులుతాయి.

"మన ఎండలకు చోక్ దండగండీ, పీకి పారేద్దాం" అని మెకానిక్ గారు ఎప్పటినుంచో అంటున్నారు. మాఘం దాటితే ఆ మాట నిజమే. ఒకసారి తిరిగి వేడి మీదున్న ఇంజనుకు తమరి ముఖం చూడవలసిన పని లేదు. కడ్డీ విడిగా దొరకదు, కార్బురేటర్ మొత్తం కొనుక్కోమన్న విడిభాగాల దుకాణదారుకు వేరే లేఖ రాస్తాను.

తమరు పనిచేయకపోవడం నా బాధ కాదు. కడ్డీ విరిగిన రోజే గుండీ కూడా ఊడి చేతిలో పడి ఉంటే, చోక్ లేదని తెలిసి, ముందే అరచేయి అడ్డం పెట్టుకొనేవాణ్ణి. లేకపోతే లేనని చెప్పాలి గదా! ఉన్నట్టు నటించావు చూడు, అది క్షమించలేను. టక్కుమన్నావే, ఎవడి కోసం టక్కుమన్నావు? నీ మీద నమ్మకంతోనే గదా ప్లగ్గునూ, పెట్రోలునూ, పిల్లనిచ్చినవారి ఇంటి మనిషినీ అనుమానించాను!

క్షమించాలి, తమరు అనడం మరిచిపోయాను. తుదకు గాలిదారికి అరచేయి మూసి బావమరిదిని తాడు లాగమంటే, రెండో లాగుకే ఇంజను అంటుకుంది. అప్పటికే పాటు తీసి పడవ బురదలో కూర్చుంది. చల్లబరిచే నీరు అందక ఇంజను పాడవుతుందని, అంత కష్టపడి అంటించినదాన్ని నేనే ఆపాను.

పీకేద్దామనే కూర్చున్నాను. కాని తుడిచి చూస్తే తమరి ఇత్తడి రేకు మచ్చ లేకుండా మెరుస్తోంది, వేలితో తాకితే హాయిగా తిరుగుతోంది. తప్పంతా కడ్డీదే కావచ్చు. సైకిలు చువ్వ ముక్క ఒకటి వంచి బిగించాను. రేపటి పోటుకు మళ్ళీ గుండీ లాగుతాను గాని, మూత విప్పే ఉంచుతాను, టార్చి బావమరిది పట్టుకుంటాడు.

ఇట్లు,
పెట్రోలు వాసన ఇంకా వదలని అరచేతితో,
తమ విధేయుడు