సవరణ: సహజ సాగు మిషన్ లెక్కలు

2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన జాతీయ సహజ సాగు మిషన్ (రసాయనాలు లేని సాగును పెంచే పథకం) గురించి నేను రాసిన పోస్టులో రెండు తప్పులు దొర్లాయి. దాని మొత్తం ఖర్చు 2,481 కోట్ల రూపాయలూ కేంద్రమే ఇస్తుందని రాశాను. కాదు, కేంద్రం వాటా 1,584 కోట్లు, మిగతా 897 కోట్లు రాష్ట్రాలే పెట్టుకోవాలి. లక్ష్యం 7.5 లక్షల ఎకరాలన్నాను. అవి హెక్టార్లు, అంటే దాదాపు 18.5 లక్షల ఎకరాలు. క్షమించండి.

వాటా సంగతి చిన్నదేం కాదు. రాష్ట్రం తన వంతు డబ్బు అదునుకు ఇవ్వకపోతే పేడ, గోమూత్రం, బెల్లం, శనగపిండి కలిపి డ్రమ్ముల్లో జీవామృతం అనే ద్రవ ఎరువు చేసిచ్చే కేంద్రాలు ఎలా నడుస్తాయి? ఇంట్లో ఆవు లేని కౌలు రైతుకు అవే దిక్కు. అలాంటివి 10,000 పెడతారని రాసింది మాత్రం సరైనదే.