‘నర్సులు ఎందరున్నా ఒకటే’ అనే మెసేజ్‌కు నా జవాబు

వారం రోజులుగా మా హన్మకొండ వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతోంది. ఆస్పత్రిలో ప్రాణం నిలబెట్టేది డాక్టర్లు, మెషీన్లేనట. నర్సులు సూది వేసి ఫోన్ చూసుకుంటూ కూర్చుంటారట. ఆరు నెలలు నేర్పిస్తే ఆ పని ఎవరైనా చేస్తారట. వాళ్ల సంఖ్య పెంచితే మన బిల్లు పెరగడం తప్ప ఒరిగేదేమీ లేదట. చదువుకున్నవాళ్లే దీన్ని ఫార్వర్డ్ చేస్తుంటే ఊరుకోలేకపోయాను.

ముందు ఆ డాక్టర్లు, మెషీన్ల మాట చూద్దాం. ఆపరేషన్ చేసేది డాక్టరే, కాదనను. కానీ రౌండ్స్ అయ్యాక పగలూ రాత్రీ మంచం దగ్గరికి వచ్చేది సిస్టరే. మా అమ్మకు ఒక ప్రైవేటు ఆస్పత్రిలో గాల్‌బ్లాడర్ ఆపరేషన్ అయింది. రెండో రోజు రాత్రి ఒంటిగంట దాటాక సిస్టర్ వచ్చి బీపీ చూసింది, బాగానే ఉంది. ఇక వెళ్లిపోతుందనుకున్నా. ఆమె మాత్రం అమ్మ చేయి పట్టుకొని, వాచీ చూస్తూ నిమిషం పాటు కదలకుండా నిలబడింది. నాడి చూస్తోందనుకున్నాను. లెక్కపెట్టింది ఊపిరిని.

“నిమిషానికి ఇరవై ఎనిమిది తీస్తున్నది అన్నా, సాయంత్రం పద్దెనిమిదే ఉండె” అంటూ డ్యూటీ డాక్టర్‌కు ఫోన్ చేసింది. ఇన్ఫెక్షన్ ముదురుతోందని తెల్లారేలోపు తేలింది, మందులు మార్చారు. బీపీ పడిపోకముందే ఊపిరి వేగం పెరగడం ఇలాంటప్పుడు తరచూ కనిపించే గుర్తు. ఆ జనరల్ వార్డులో మానిటర్ లేదు. ఉన్నా, అది మోగితే వినేవాళ్లు ఉండాలి కదా.

మర్నాటి రాత్రి అదే అంతస్తు మొత్తానికి ఒక్క సిస్టర్. అమ్మ సెలైన్ అయిపోయి ట్యూబులోకి రక్తం ఎక్కింది. నేను రెండుసార్లు పరుగెత్తితే గానీ ఆమె రాలేకపోయింది. ఆమె ఖాళీగా లేదు, ఇంకో మంచం దగ్గర వాంతులు చేసుకుంటున్న ముసలాయనను పట్టుకొని ఉంది. అమ్మ ఊపిరి ఆ రాత్రి పెరిగి ఉంటే లెక్కపెట్టేవాళ్లెవరు?

ఇది మా ఒక్క ఇంటి కథే అంటారేమో. అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయానికి చెందిన లిండా ఐకెన్ బృందం 2002లో ప్రచురించిన అధ్యయనం కోసం 168 ఆస్పత్రుల్లో ఆపరేషన్లు చేయించుకున్న 2,32,342 మంది వివరాలు పరిశీలించింది. ఒక్కో నర్సు మీద ఒక్కో రోగి అదనంగా పెరిగిన కొద్దీ 30 రోజుల్లోపు చనిపోయే అవకాశం సుమారు 7 శాతం చొప్పున పెరిగింది. వందలో ఏడుగురు ఎక్కువ చనిపోతారని కాదు, ఉన్న ప్రమాదమే అంత పెరుగుతుందని అర్థం. నలుగురు రోగులను చూసే నర్సుకు ఎనిమిది మందిని అప్పగిస్తే ఆ పెరుగుదల 31 శాతం.

“అమెరికా లెక్కలు మనకెందుకు?” అని గ్రూపులో ఒకాయన అడిగారు. 2014లో వచ్చిన ఒక అధ్యయనం తొమ్మిది యూరప్ దేశాల్లోని 300 ఆస్పత్రులను చూసినా ఫలితం అదే, 7 శాతం. మన ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణమూ తక్కువేం కాదు: బోధనాస్పత్రుల్లో ముగ్గురు రోగులకు, సాధారణ ఆస్పత్రుల్లో ఐదుగురికి ఒక నర్సు. మీరు చివరిసారి చూసిన వార్డును ఒకసారి గుర్తుచేసుకోండి.

ఆరు నెలల ట్రైనింగ్ అన్నది శుద్ధ అబద్ధం. జీఎన్‌ఎం అనే నర్సింగ్ డిప్లొమా మూడేళ్లు, బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు. బీఎస్సీ పరీక్షలు నిర్వహించే కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం మన వరంగల్‌లోనే ఉంది, అడిగితే చెబుతారు. పైన చెప్పిన యూరప్ అధ్యయనంలోనే డిగ్రీ చదివిన నర్సుల వాటా 10 శాతం ఎక్కువున్న చోట మరణించే అవకాశం 7 శాతం తక్కువగా తేలింది.

ఫోన్ల సంగతికొస్తే, చూసేవాళ్లు ఉండొచ్చు, ఏ ఆఫీసులో లేరు?

ఇక బిల్లు. ఈ భయం న్యాయమైనదే, అప్పు చేసి ఆస్పత్రికి పోయేవాళ్లం మనం. నర్సులు ఎక్కువున్న ఆస్పత్రులు వేరే రకాలుగా కూడా మెరుగ్గా ఉండొచ్చు కదా అన్న అనుమానమూ సరైనదే. ఈ రెండింటికీ జవాబు ఆస్ట్రేలియాలో దొరికింది. క్వీన్స్‌లాండ్ రాష్ట్రం 2016లో కొన్ని ప్రభుత్వ ఆస్పత్రుల్లో పగలు నలుగురికి, రాత్రి ఏడుగురికి ఒక నర్సు తప్పనిసరి అని నిబంధన తెచ్చింది. ఆ ఆస్పత్రులనూ, నిబంధన వర్తించని వాటినీ పోల్చిన అధ్యయనం 2021లో వచ్చింది. నర్సులు పెరిగిన చోట మరణాలు తగ్గాయి, డిశ్చార్జ్ అయినవాళ్లు మళ్లీ చేరాల్సి రావడమూ, మంచం మీద గడిపే రోజులూ తగ్గాయి. అలా మిగిలిన డబ్బు, అదనపు నర్సుల కోసం పెట్టిన ఖర్చుకు దాదాపు రెట్టింపు.

రేపు మీ ఇంట్లో ఎవరినైనా చేర్చాల్సి వస్తే రూమ్ అద్దెతో పాటు ఇంకొక్కటి అడగండి: “రాత్రి ఈ వార్డులో ఎంతమంది పేషెంట్లకు ఒక సిస్టర్ ఉంటారు?”