చెక్క అట్ట

పద్దెనిమిదో శతాబ్దపు బ్రిటిష్ సైన్యం, నౌకాదళం మీద పాత పుస్తకాలు సేకరించే పెద్దమనుషుల లోకంలో మొదటి నియమం ఒకటుంది: పుస్తకం చదవకూడదు. ఎగతాళి చేస్తున్నాననుకోకండి, ధరలే ఆ మాట చెబుతాయి. ఆ రోజుల్లో పెద్ద కాగితం మీద అచ్చేసి, మడతపెట్టి కుట్టేవారు. కొన్నవాడు చదువుకుంటూ కత్తితో అంచులు కోసుకోవాలి. ఇన్నేళ్లలో ఒక్కడూ ఆ కత్తి పెట్టలేదని తేలితే, ఆ ప్రతిని కళ్లకద్దుకుని ఎక్కువ డబ్బిచ్చి కొంటారు.

కంపెనీ యుద్ధాల చరిత్ర రాసిన రాబర్ట్ ఓర్మ్ 1778లో అచ్చువేసిన సంపుటంలో మన బొబ్బిలి కోట ఎలా పడిందో ఉంది. పటాలన్నీ ఉన్నాయా, ఏదైనా చించేశారా అని అడగండి, కళ్లు మూసుకుని చెబుతారు. బొబ్బిలి కథ ఏ పేజీలో ఉందో అడిగితే మాత్రం పాపం, ఆ పేజీ ఇంకా కోయలేదు.

పాండిత్యం లేదనకండి. 1768 ఆజ్ఞ ప్రకారం ఫలానా రెజిమెంటు ఎర్రకోటుకు కాలరు, చేతి మడత ఏ రంగులో ఉండాలో గంటసేపు వాదిస్తారు. ఏటా అచ్చయ్యే ఆర్మీ లిస్టులు వరసగా బీరువాలో ఉంటాయి. వాటిలో ప్రతి అధికారి పేరూ, ఆ పదవి వచ్చిన తేదీ ఉంటాయి. పదవి వచ్చిందంటే చాలావరకు కొనుక్కున్నాడని. 1766 రేటు ప్రకారం కాల్బలంలో అందరికన్నా కింది అధికారి, ఎన్‌సైన్, పదవి 400 పౌన్లు, లెఫ్టినెంట్ కర్నల్ 3,500. తుపాకీ మోసినవాడి పేరు అందులో ఉండదు. వాడు ఏమీ కొనలేదు కదా.

ఇక లెక్క విషయానికొస్తే వీళ్లను మించినవారు లేరు. నౌకాదళాధికారి యాన్సన్ భూప్రదక్షిణ పుస్తకం, 1748 మొదటి ముద్రణ, చేతికి రాగానే మడత పటాలు లెక్కపెడతారు. 42 ఉండాలి. 41 ఉంటే ఆ రాత్రి అన్నం సహించదు. ఆ యాత్రకు 1740లో బయల్దేరినవాళ్లు సుమారు 1,900 మంది. వెయ్యి మందికి పైగా తిరిగి రాలేదు, ఎక్కువమందిని స్కర్వీ, అంటే తాజా పళ్లూ కూరలూ లేక వచ్చే జబ్బు, తినేసింది. ఆ తగ్గుదలకు ఎవరికీ టెన్షన్ లేదు.

నాకు ఒళ్లు మండేది మాత్రం వేరే పుస్తకం చూసి. రాయల్ జార్జ్ అనే ఓడ మునిగిన కథ. అరచేతిలో పట్టే చిన్న పుస్తకం, 1840ల నాటిది. దాని అట్ట మునిగిన ఆ ఓడ చెక్కే! భోజనాలయ్యాక సేకర్తగారు దాన్ని గాజు బీరువాలోంచి తీస్తారు. చేతులు కడుక్కు రమ్మంటారు. ఒకాయన అట్ట నిమిరి 'ఓక్' అంటాడు. ఇంకొకాయన వాసన చూసి 'ఉప్పు' అంటాడు. మూడో ఆయన వేలితో తట్టి, చెవి దగ్గర పెట్టుకుని, తల పంకిస్తాడు. అప్పుడు ఇంటావిడ కాఫీ కప్పు తెచ్చి దాని పక్కనే పెడుతుంది. అబ్బ, ఆ కేక! ఓడ మునిగిన రోజున కూడా పై అధికారులు అంత కంగారు పడి ఉండరు.

నిజంగానే పడలేదు. 1782 ఆగస్టు 29. ఇంగ్లండులోని పోర్ట్స్‌మత్ రేవు ఎదుట, ఓడలు లంగరు వేసే స్పిట్‌హెడ్‌లో, వంద ఫిరంగుల ఓడ. నీటి మట్టానికి కింద ఉన్న గొట్టం బాగుచేయాలని ఫిరంగుల్ని జరిపి ఓడను ఒక పక్కకు ఒరిగించారు. ఒరిగిన వైపునే రమ్ము పీపాలు ఎక్కిస్తున్నారు. కింది కిటికీల్లోంచి నీళ్లు వస్తున్నాయి. ఓడ వడ్రంగి వెళ్లి, తట్టుకోదు, నిలబెట్టండని లెఫ్టినెంటుకు చెప్పాడు. ఆయన కసురుకున్నాడు. వడ్రంగి మళ్లీ వెళ్లి చెప్పాడు. అంత తెలిస్తే నువ్వే నడుపుకో అన్నాడట. ఇది బతికి బయటపడ్డ ఇంగ్రామ్ అనే నావికుడు తర్వాత చెప్పిన మాట. చెక్క సంగతి వడ్రంగికి తెలియక రమ్ము పీపాలు లెక్కపెట్టే దొరకు తెలుస్తుందా?

సుమారు 900 మంది పోయారు. సుమారు అనే చెప్పాలి. మగవాళ్లను చూడ్డానికి ఒడ్డు నుంచి వచ్చిన ఆడవాళ్లు, పిల్లలు వందల్లో ఉన్నారు, వాళ్ల పేర్లు ఓడ పట్టీలో లేవు. ఎంతమందో ఈనాటికీ ఎవడికీ తెలియదు! పుస్తకంలో ఒక పటం పోతే పట్టేసే జాతికి, నీళ్లలో పోయిన పిల్లల లెక్క లేదు. కోర్టు మార్షల్ జరిగింది. ఓడ కలప పుచ్చిపోయిందని తేల్చి, కెప్టెన్‌ను నిర్దోషి అని వదిలేశారు. ఆ పుచ్చిన ఓడను సముద్రం మీద ఉంచినవాడెవడు? ఒక్కడికీ శిక్ష లేదు. భార్యాబిడ్డల కోసం లండన్‌లో ఓడల బీమా వ్యాపారులు కలిసే లాయిడ్స్ కాఫీ హౌస్‌లో చందాలు పోగుచేశారు.

తర్వాత ఎప్పుడో 1839 నుంచి పాస్లీ అనే కర్నల్ మందుగుండు పెట్టి శిథిలాన్ని పేల్చాడు. తేలిన కలప అట్టలయింది. ఇప్పుడు అది కొనేవాడు భూతద్దం పెట్టి అంచు అంచునా వెతుకుతాడు. పురుగు తొలిచిన రంధ్రం ఒక్కటి కనబడితే చాలు, చెక్క పుచ్చింది, ధర తగ్గించమంటాడు.