పిట్టల గిన్నె, గరాజ్ తలుపు

అమెరికాలోని మినియాపోలిస్‌లో జనవరి నెలలో పిట్టలకి నీళ్లు పెట్టడమంటే, తెనాలిలో ఎండాకాలం డాబా మీద మూకుడు పెట్టినంత తేలిక కాదు. ఆ మాట మా అత్తయ్యకి చెప్పేదెవరు? ఏటా సంక్రాంతికి చూరుకి వరికంకుల కుచ్చులు కట్టే మనిషి.

"చుట్టూ ఇంత మంచు ఉంది కదమ్మా, అదే తింటాయిలే" అన్నారు మా ఆయన.

"నీకు దాహమేస్తే ఫ్రిజ్‌లో ఐసు నములుతున్నావురా?"

నిజానికి ఆవిడదే రైటు. మంచు మింగితే దాన్ని కరిగించడానికి ఒంట్లో వేడి ఖర్చవుతుంది. పట్టుమని 15 గ్రాములు తూగని చికడీ పిట్టకి సున్నాకి 20 డిగ్రీలు దిగువన అది దండగ ఖర్చు.

పెరట్లో సిమెంటు తొట్టి ఉంటే అత్తయ్య అందులో గోరువెచ్చని నీళ్లు పోసింది. గడ్డకట్టేటప్పుడు నీళ్లు 9 శాతం దాకా ఉబ్బుతాయి. తెల్లారేసరికి తొట్టి నిలువునా చీలింది. గుప్పెడు ఉప్పు కలిపితే గడ్డకట్టదని మా ఆయన సలహా. "పిట్టలకా, ఆవకాయకా?" అంది అత్తయ్య. (ఉప్పునీళ్లు పిట్టలకి నిజంగానే ప్రమాదం.)

చివరికి కరెంటుతో వెచ్చబడే గిన్నె కొన్నాం. అడుగున గులకరాళ్లు, పైన రెండంగుళాల నీళ్లు. ఎర్రటి కార్డినల్, జంకోలు, చికడీలు దిగాయి. వాటి వెనకాలే ఓ ఉడుత వచ్చి, సొంతిల్లయినట్టు గట్టు మీద తిష్ట వేసింది. అత్తయ్య కాఫీ గ్లాసుతో కిటికీ దగ్గర కూర్చుని అందరికీ హాజరు వేసేది.

ఓ సోమవారం గరాజ్ తలుపు లేవలేదు. మా ఆయన రిమోట్ నొక్కారు, విదిలించారు, బ్యాటరీ మార్చారు. టైమైపోతుంటే కారులో కూర్చునే ఫోన్లో మీటింగ్‌లో చేరి, ట్రాఫిక్‌లో ఉన్నానని చెప్పారు. జరిగిందేమిటంటే, గిన్నె వైరు అతుకులోకి మంచు కరిగిన తడి చేరింది. షాక్ కొట్టకుండా సాకెట్ దానంతటదే కరెంటు ఆపేసింది. తలుపు మోటారుదీ అదే లైను.

అంతలో అత్తయ్య గరాజ్‌లోకి వచ్చింది. "ఒరేయ్, గిన్నెలో నీళ్లు గడ్డకట్టాయి! ఆఫీసెక్కడికీ పోదు, ముందు అది చూడు!"

ఫోను మ్యూట్‌లో లేదు. బాసు తెలుగాయన.

"ట్రాఫిక్‌లో అమ్మగారు కూడా ఉన్నారా?" అని అడిగారట.

ఇప్పుడు మా ఆయన పొద్దున్నే బూట్లు వేసుకునే ముందు కిటికీలోంచి గిన్నె వంక చూస్తారు. ఆవిరి లేస్తుంటేనే కారు తాళాలు తీస్తారు.