సభల్లో చప్పట్లు, బడుల్లో కోతలు

డిసెంబరు, జనవరి నెలల్లో వచ్చే తమిళ మాసం మార్గళి వచ్చిందంటే చెన్నైలో సంగీత సభలన్నీ కిటకిటలాడతాయి. సరిగ్గా అదే రోజుల్లో నగరంలోని అనేక పాఠశాలల్లో సంగీతం పీరియడ్ కనిపించకుండా పోతుంది. అర్ధ సంవత్సర పరీక్షల పేరుతో ఆ గంటను లెక్కలకో సైన్సుకో మళ్లించడం ఏటా జరుగుతున్నదే అయినా, ఆరో తరగతి పిల్లలను సైతం ఇప్పుడు వదలడం లేదని తెలుగు తల్లిదండ్రులు కొందరు మా దృష్టికి తెచ్చారు. టైం టేబుల్‌లో ‘మ్యూజిక్’ అని అచ్చయి ఉంటుంది, తరగతిలోకి వచ్చేది మాత్రం లెక్కల టీచరు. సంగీతం టీచరు ఆ సమయానికి, సెలవు పెట్టిన మరొకరి తరగతిలో పిల్లలు గొడవ చేయకుండా కాపలా కూర్చుంటారు. వార్షికోత్సవం దగ్గర పడగానే మళ్లీ ఆమెనే పిలిచి, నాలుగు రోజుల్లో పిల్లల చేత స్వాగత గీతం పాడించమంటారు. ఇంతటి ద్వంద్వ నీతిని సంప్రదాయాభిమానంగా చెలామణీ చేయడం మాకు మింగుడుపడడం లేదు.

పోటీ పరీక్షల కాలంలో ప్రతి గంటా విలువైనదేనని, తల్లిదండ్రులే అదనపు తరగతులు కోరుతున్నారని యాజమాన్యాలు అంటున్నాయి. అందులో కొంత నిజం లేకపోలేదు. అయితే వారానికి ఒకటి రెండు పీరియడ్లు లాక్కుంటే తప్ప పూర్తికాని సిలబస్‌కు బాధ్యత సంగీతానిది కాదు.

సంగీతం నేర్పితే మార్కులు వాటంతట అవే పెరుగుతాయని మేము చెప్పబోవడం లేదు. మొజార్ట్ సంగీతం వింటే తెలివి పెరుగుతుందన్న ప్రచారానికి మూలమైన 1993 నాటి అధ్యయనం కళాశాల విద్యార్థులపై జరిగింది. అందులో కనిపించిన ప్రభావం పావుగంటకు మించి నిలవలేదు. పిల్లలకు సంగీత శిక్షణ ఇచ్చి చూసిన తర్వాతి పరిశోధనల్లోనూ తెలివితేటల కొలతల్లో కనిపించిన పెరుగుదల స్వల్పమే. అసలు లాభం వేరే ఉంది. మాయామాళవగౌళ రాగంలో సరళీ స్వరాలు, అంటే కర్ణాటక సంగీతంలో తొలి పాఠాలు, పాడే పిల్లను గమనించండి. చేయి ఆది తాళం ఎనిమిది అక్షరాలు (తాళపు దెబ్బలు) లెక్కపెడుతుంటుంది, గొంతు స్వరం పలుకుతుంటుంది, చెవి శ్రుతిని కనిపెట్టుకుని ఉంటుంది. ఒకటో కాలంలో కుదిరిన వరుస, రెట్టింపు వేగంతో పాడే రెండో కాలంలో తడబడితే, గురువు చెప్పేలోగా ఆ తప్పు తన చెవికే తెలుస్తుంది. తెలిశాక మొదటినుంచి అందుకుంటుంది. తన తప్పును తానే విని, చిన్నబుచ్చుకోకుండా దిద్దుకునే ఈ అలవాటును ఇంత చిన్న వయసులో నేర్పే తరగతి బడిలో ఇంకేముంది? పదిమందితో కలిసి పాడేటప్పుడు పక్కవారి గొంతు వినబడాలంటే తన గొంతు తగ్గించుకోవాలి, అదీ చదువే. మాటలో నత్తి ఉన్న పిల్లలు చాలామంది పాటలో తడబడరు. అలాంటి పిల్లవాడికి వారం మొత్తంలో నలుగురి ముందు గొంతు విప్పగలిగే గంట అదొక్కటే కావచ్చు. ఆ గంటను తీసేసేవారికి ఈ సంగతి తెలియదనుకోలేం.

చట్టం తెలియదనీ అనలేం. నూరుమంది పిల్లలు దాటిన ప్రాథమికోన్నత పాఠశాలల్లో కళావిద్యకు పార్ట్‌టైం బోధకులు ఉండాలని 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలులోనే ఉంది. పదో తరగతి వరకు కళలను తప్పనిసరి పాఠ్యాంశం చేయాలని 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం చెప్పింది. ప్రభుత్వ బడుల్లో పార్ట్‌టైం ప్రత్యేక ఉపాధ్యాయులు ఏళ్ల తరబడి ఈ నగర వీధుల్లోనే పర్మినెంట్ చేయమని ఆందోళనలు చేస్తున్నారు. అదే నగరానికి 2017లో యునెస్కో సృజనాత్మక నగరాల జాబితాలో సంగీత నగరంగా చోటు దక్కితే అందరం గర్వపడ్డాం. బిరుదుకు ముందుండి, బోధకుడి జీతానికి వెనక్కి తగ్గడం కూడా ద్వంద్వ నీతే.

బయట నేర్పించుకోవచ్చు కదా అనేవారున్నారు. ఫీజు కట్టగలిగినవారు ఎలాగూ నేర్పిస్తున్నారు. కట్టలేనివారి మాటేమిటి? ఘంటసాల మధుకరం ఎత్తుకుని, అంటే ఇంటింటా అన్నం అడిగి తెచ్చుకుని, కడుపు నింపుకుంటూ సంగీతం నేర్చుకోగలిగారంటే, 1919లో విజయనగరం సంస్థానం తెరిచిన సంగీత కళాశాల ఉండబట్టే. ఆ గొంతే తర్వాత ఈ మద్రాసు స్టూడియోలను దశాబ్దాల పాటు ఏలింది. త్యాగయ్య కోవూరులో సుందరేశ్వరుడిపై, తిరువొత్తియూరులో త్రిపురసుందరిపై పంచరత్నాలు, అంటే అయిదేసి కీర్తనలు, కూర్చారు. ఆ రెండు ఊళ్లూ ఈ మహానగరం ఒడిలోనివే. అక్కడి బడుల్లో చదివే పిల్లలకు వాటిలో ఒక్క పల్లవైనా నేర్పే ఏర్పాటు చేయకుండా, ఆయన వర్ధంతి అయిన పుష్య బహుళ పంచమి నాడు త్యాగరాజ ఆరాధన వేదికలెక్కడం ఎవరి కోసం? తెలుగు చదవడం రాని మన పిల్లలు ఎందరికో ఇవాళ తెలుగు మాట నోట పలికే చోటు సంగీతం తరగతే. తెలుగు సంఘాల యాజమాన్యంలోని పాఠశాలలు కూడా ఆ తరగతిని కోసేయడం మాకు మరింత బాధాకరం.

సెలవుల తర్వాత బడి తెరిచిన రోజే సంగీతం పీరియడ్‌ను సంగీతం టీచరుకు అప్పగించాలి. పదో తరగతి వారికి వారానికి ఒక్క గంటైనా మిగల్చాలి. ప్రత్యేక తరగతులు పెట్టుకోదలిస్తే బడి వేళల తర్వాత పెట్టుకోవాలి. పాఠశాల విద్యాశాఖ తనిఖీ అధికారులు టైం టేబుల్ కాగితం చూసి సంతకం చేయడం మాని, ఆ గంటకు తరగతిలో ఎవరున్నారో వెళ్లి చూడాలి. సభల్లో దీపం వెలిగించి ‘యువత మన సంగీతానికి దూరమవుతోంది’ అని ఉపన్యసించే పెద్దల్లో విద్యాసంస్థలు నడుపుతున్నవారూ ఉన్నారు. మీ బడిలో సంగీతం గంటను రద్దు చేస్తూ సంతకం పెట్టింది మీరే. ఆ సంతకం వెనక్కి తీసుకునేదాకా ఆ వేదికల మీద యువతను నిందించే హక్కు మీకు లేదు.